బెజవాడ అడ్రసుకు బ్యాండు సరుకు: లిమిటెడ్ ఎడిషన్ కొనే దారుల్లో ఏది నయం

బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద రాక్ బ్యాండు నిర్వాణా నవ్వుమొహం టీషర్టు ఏనాడూ అయిపోదు. ఈ వారం లేకపోతే వచ్చే వారం వస్తుంది, మహా అయితే రంగు మారుతుంది. బ్యాండు తనే 300 ముక్కలు వేయించి అమ్మే టీషర్టు అలా కాదు. అమెరికా పడమటి తీరంలో పొద్దున పదింటికి అమ్మకానికి పెడితే మనకి వేసవిలో రాత్రి పదిన్నర. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మీడియం, లార్జ్ ఖాళీ. మిగిలేది డబుల్ ఎక్సెల్.

విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని ఇలాంటి సరుకు కొనడానికి నాలుగు దారులున్నాయి. బ్యాండు సొంత వెబ్ షాపు, బ్యాండ్లు తమ పాటలూ సరుకూ నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటు, కొరియా బృందాలకైతే వీవర్స్ షాప్, అన్నిచోట్లా అయిపోయాక జనం తమ రికార్డులు తిరిగి అమ్ముకునే డిస్కాగ్స్. ఐదోది మన జిల్లాలకు ప్రత్యేకం: అమెరికా నుంచి వచ్చే చుట్టం సూట్‌కేసు. తీర్పు ముందే చెప్పేస్తే, ఎల్పీ రికార్డులకు బ్యాండ్‌క్యాంప్‌ని మించింది లేదు. టీషర్టులకు బ్యాండు సొంత షాపు. పోస్టర్లకు సూట్‌కేసు. పదిమంది కలిసి ఒకరి చేత కొనిపించే ఇన్‌స్టాగ్రామ్ గ్రూప్ ఆర్డర్లు మరీ గత్యంతరం లేనప్పుడే. ఏ దారిలో వెళ్ళినా సరుకు చేజారేది ఎక్కువగా వేలి వేగం చాలక కాదు. కార్డు దగ్గరో, సైజు దగ్గరో, అడ్రసు దగ్గరో ఆగిపోతుంది. ఆ మూడూ ముందురోజు తీరిగ్గా చూసుకోదగ్గవే.

అసలు అది లిమిటెడ్డేనా?

కంగారు పడే ముందు పేజీలో ఉన్న చిన్నక్షరాలు చదవాలి. "లిమిటెడ్" అనే మాట మూడు రకాల సరుకుకి వాడతారు. మొదటిది నిజంగా లెక్కపెట్టి వేసింది: 300 రికార్డులు, 150 పోస్టర్లు, అంతే. పేజీలో ఎడిషన్ సంఖ్య రాసి ఉంటుంది, పోస్టరైతే కింద అంచున పెన్సిలుతో 45/150 అని వేసి ఆర్టిస్టు సంతకం ఉంటుంది. దీనికే పరుగు అవసరం.

రెండోది గడువు సరుకు. "72 గంటలు మాత్రమే" అని పెడతారు, ఆ మూడు రోజుల్లో ఎన్ని ఆర్డర్లొస్తే అన్నీ కుట్టిస్తారు. అయిపోవడమన్న మాటే లేదు. మొదటి నిమిషంలో కొన్నా ఆఖరి గంటలో కొన్నా ఒకటే చొక్కా, ఒకే రోజు పంపుతారు. అర్ధరాత్రి అలారం పెట్టుకుని, కంగారులో తప్పు సైజు నొక్కేవాళ్ళలో చాలామంది ఈ రకం సరుకు కోసమే ఆ తిప్పలు పడుతుంటారు. దీన్ని గుర్తుపట్టే ఆనవాలు: పేజీలో "ప్రీ ఆర్డర్" అని, పంపే తేదీ ఆరేడు వారాల తర్వాత అని ఉంటుంది, ఎన్ని ముక్కలో ఎక్కడా ఉండదు.

మూడోది టూరు సరుకు. ఆ ఊరి పేరు, ఆ తేదీ వేసి ఆ వేదిక దగ్గరే అమ్మేది. మెటాలికా లాంటి బ్యాండ్లు ఊరికో పోస్టరు వేయిస్తాయి. వీటి కోసం వెబ్‌లో వెతకడం వృథా అనిపిస్తుంది గానీ, టూరు ముగిశాక మిగిలిన సరుకుని చాలా బ్యాండ్లు సొంత షాపులో పెడతాయి. మెయిలింగ్ లిస్టులో పేరుంటే ఆ కబురు మొదట మీకే వస్తుంది. పరిమితి పేరు చెప్పి జేబులు ఖాళీ చేయించడం నచ్చని బ్యాండ్లూ ఉన్నాయి. ఆస్ట్రేలియా బ్యాండు కింగ్ గిజ్జర్డ్ 2017లో ఒక ఆల్బమ్‌ని ఎవరైనా రికార్డుగా అచ్చు వేసుకోవచ్చని ఊరికే వదిలేసింది. లోకమంతా రకరకాల రంగుల్లో అచ్చులు వేశారు.

బ్యాండు సొంత షాపు

పేర్లు వేరైనా చాలా బ్యాండ్ల షాపులు లోపల షాపిఫై అనే ఆన్‌లైన్ షాపుల వ్యవస్థ మీదే నడుస్తాయి కాబట్టి ఒకదాని గుణం తెలిస్తే చాలావాటి గుణం తెలిసినట్టే. దీని ముఖ్యమైన గుణం ఒకటి: బుట్టలో వేసుకున్నంత మాత్రాన సరుకు మీదైపోదు. బుట్టలో ఉండగానే ఇంకొకరు డబ్బు కట్టేస్తే అది వాళ్ళది. అందుకే "ముందు బుట్టలో వేసి, తర్వాత మిగతావి చూద్దాం" అనుకునేవాళ్ళకి చెల్లింపు పేజీలో "సోల్డ్ అవుట్" అని ఎర్రక్షరాలు కనిపిస్తాయి. కావలసిన ఒక్కటీ తీసుకుని నేరుగా డబ్బు కట్టెయ్యాలి. రెండో వస్తువు కావాలంటే రెండో ఆర్డరు. షిప్పింగ్ రెండుసార్లు పడుతుందన్నది నిజమే. చాలా షాపులు ఈమెయిల్ రాస్తే రెండు ఆర్డర్లు ఒకే పెట్టెలో వేసి, అదనపు షిప్పింగ్ తిరిగిస్తాయి. కొన్ని ఇవ్వవు. ఆ నియమం ముందే చదువుకోండి.

రద్దీ ఎక్కువైనప్పుడు చెల్లింపు ముందు క్యూ పేజీ వస్తుంది. దాన్ని రిఫ్రెష్ చేయకూడదు, వెనక్కి నొక్కకూడదు. దానంతట అదే కదులుతుంది. అమ్మకానికి ముందే వెయిటింగ్ రూమ్ తెరిచే పద్ధతి ఇంకొకటుంది. క్యూ ఇట్ అనే వ్యవస్థ వాడే చోట, సమయం కాకముందు చేరినవాళ్ళందరికీ లాటరీలా నంబర్లు పడతాయి, సమయం దాటాక వచ్చినవాళ్ళు వరుస వెనక చేరతారు. గంట ముందు చేరినా అయిదు నిమిషాల ముందు చేరినా తేడా ఉండదు. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాత్రం ఉంటుంది.

వస్తువు పేజీ ముందే కనబడుతూ "త్వరలో" అని ఉంటే ఒక చిన్న కిటుకు పనికొస్తుంది. ఆ పేజీ చిరునామా చివర డాట్ జేసన్ (.json) అని చేరిస్తే, చాలా షాపిఫై షాపుల్లో ఒక్కో సైజుకీ ఉండే వేరియంట్ నంబరు కనిపిస్తుంది. షాపు చిరునామా తర్వాత /cart/ అని రాసి, దాని పక్కనే ఆ నంబరు, కోలన్, 1 అని ముందే తయారుచేసి పెట్టుకుంటే సమయం కాగానే మీ సైజుతో నేరుగా చెల్లింపు పేజీ తెరుచుకుంటుంది. సైజు ఎంచుకోవడం, బుట్టలో వేయడం, బుట్ట తెరవడం అనే మూడు మెట్లు తగ్గుతాయి. కొన్ని షాపులు దీన్ని మూసేస్తాయి, అప్పుడు మామూలు దారే.

గడియారం విషయంలో తప్పులు ఎక్కువ. అమెరికా పడమటి తీరం పది గంటలు వేసవిలో మనకి రాత్రి 10:30, చలికాలంలో 11:30. న్యూయార్క్ మధ్యాహ్నం 12 వేసవిలో 9:30, చలికాలంలో 10:30. లండన్ ఉదయం 10 వేసవిలో మధ్యాహ్నం 2:30, చలికాలంలో 3:30. సియోల్, టోక్యోలు గడియారం మార్చవు: అక్కడ ఉదయం 11 అంటే ఇక్కడ 7:30, ఎప్పుడైనా. అమెరికా మార్చి రెండో ఆదివారం, బ్రిటన్ మార్చి ఆఖరి ఆదివారం గడియారం ముందుకి జరుపుతాయి. మళ్ళీ వెనక్కి తిప్పేది బ్రిటన్ అక్టోబరు ఆఖరి ఆదివారం, అమెరికా నవంబరు మొదటి ఆదివారం. ఈ మధ్య వారాల్లోనే లెక్క తప్పుతుంది. బ్యాండు పోస్టులో పడమటి తీరం అనా, తూర్పు తీరం అనా అన్నది చూడకుండా అలారం పెట్టకండి.

ఇక కార్డు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నియమం వల్ల కొత్త కార్డులో విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం మూసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో రెండూ తెరిచి, విదేశీ పరిమితి పెంచుకోవాలి. పరిమితి సరుకు ధరకు రెట్టింపు ఉంచండి. ఒకసారి చెల్లింపు విఫలమైతే ఆ మొత్తం కొన్ని రోజులు బ్లాక్ అయి ఉండొచ్చు, రెండోసారి ప్రయత్నించడానికి జాగా ఉండాలి. విసా, మాస్టర్‌కార్డులతో పని సులువు. రూపే ఒక్కటే ఉంటే చాలా షాపుల్లో కథ అక్కడితో సరి, యూపీఐ ఊసే ఉండదు. ముందురోజు అదే కార్డుతో బ్యాండ్‌క్యాంప్‌లో ఒక డాలరు పాట ఏదైనా కొని చూడటం అన్నిటికన్నా మంచి పరీక్ష. మొదటి విదేశీ చెల్లింపుని మోసమని అనుమానించి బ్యాంకు ఆపేస్తే, ఆ గొడవ డాలరు పాట దగ్గరే తేలిపోతుంది. పేపాల్ ఖాతాకి కార్డు జోడించి ఉంచుకుంటే రెండో దారి ఉన్నట్టు. 2021 ఏప్రిల్ నుంచి పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులు మానేసింది గానీ విదేశీ షాపులకు కట్టడానికి పనికొస్తుంది.

ధరని రూపాయల్లో చూపిస్తూ రూపాయల్లోనే కట్టమంటే ఒకసారి ఆగండి. ఆ మార్పిడి రేటు షాపుది, అందులో వాళ్ళ కమీషన్ కలిసి ఉంటుంది. పైగా అమ్మేది విదేశీ వ్యాపారి కాబట్టి కొన్ని బ్యాంకులు రూపాయల బిల్లు మీద కూడా ఛార్జీ వేస్తాయి. డాలర్లలోనో పౌండ్లలోనో కట్టే వీలుంటే అదే మేలు. చాలా క్రెడిట్ కార్డుల్లో ఫారెక్స్ ఛార్జీ 3.5 శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం, వెరసి 4.13.

అడ్రసు పెట్టెల్లో మన ఊళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. 40-1-52/3 లాంటి డోర్ నంబర్లలోని ఏటవాలు గీతని కొన్ని ఫారాలు ఒప్పుకోవు. దాని బదులు ఖాళీ వదలండి. కొరియర్ లేబుళ్ళలో ఒక్కో వరుసకీ 35 అక్షరాల పరిమితి సాధారణం. "రామాలయం ఎదురు సందు, మూడో అంతస్తు" అని సాగదీస్తే మధ్యలో తెగిపోయి, డెలివరీ కుర్రాడు పటమటలో దిగి ఫోన్ చేస్తాడు. డోర్ నంబరు, వీధి మొదటి వరుసలో, గుర్తు రెండో వరుసలో. ఫోన్ నంబరు ముందు +91, సున్నా వద్దు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటుకి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గడులు కుదరవు. ఒకదాంట్లో వ్యక్తి పేరు, రెండోదాంట్లో ఇంటిపేరు పూర్తిగా రాయండి. ఒక్క అక్షరం ఇనీషియల్ రాస్తే కస్టమ్స్ కేవైసీ దగ్గర పేరు కుదరలేదని పెట్టె ఆగొచ్చు.

మనిషికి ఒకటే అన్న నియమం ఉన్న సరుకుకి హాస్టల్ అడ్రసు ప్రమాదం. వడ్డేశ్వరంలోనో అమరావతిలోనో ఒకే హాస్టల్ నుంచి ఇద్దరు స్నేహితులు విడివిడిగా కొన్నా, అడ్రసు ఒకటే కాబట్టి ఒకే మనిషి రెండు కొన్నట్టు లెక్కేసి ఒకటి రద్దు చేస్తారు, ఒక్కోసారి రెండూ. ఇంటి అడ్రసులు వాడండి.

సైజు దగ్గర "నాది ఎల్" అనే లెక్క చెల్లదు. అమెరికా బ్యాండ్ల టీషర్టులు ఎక్కువగా గిల్డన్ లేదా బెల్లా క్యాన్వాస్ కంపెనీల ఖాళీ చొక్కాల మీద అచ్చవుతాయి. రెండింటిలోనూ మీడియం పరిచి కొలిస్తే చంక నుంచి చంకకి 20 అంగుళాలు, పొడవు 29. లార్జ్ 22, 30. మీ దగ్గర ఒంటికి సరిగ్గా పట్టే టీషర్టుని బల్ల మీద పరిచి టేపుతో కొలిచి, ఆ అంకెతో పోల్చండి. ఇక్కడ లార్జ్ వేసుకునేవాళ్ళకి అక్కడి మీడియం సరిపోవడం మామూలే. బట్ట బరువు కూడా చూడండి. బెల్లా క్యాన్వాస్ 3001 సుమారు 142 జీఎస్ఎం (చదరపు మీటరు బట్టకి గ్రాములు), గిల్డన్ 5000 సుమారు 180, కంఫర్ట్ కలర్స్ 1717 రెండొందలు దాటుతుంది. చేతికి బరువుగా, ఖరీదుగా అనిపించేది ఆఖరిదే. కానీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా బెంజ్ సర్కిల్‌లో సిగ్నల్ పడినప్పుడు దాన్ని వేసుకుని బండి మీద ఆగి చూస్తే బరువు సంగతి అర్థమవుతుంది. మన ఎండకి 142 చాలు.

అయిపోయిందని చూపించాక వెంటనే పేజీ మూసేయకండి. చెల్లింపు విఫలమైన ఆర్డర్ల సరుకు తిరిగి జాబితాలోకి వస్తుంటుంది. మొదటి పావుగంటలో ఒకటీ అరా మళ్ళీ కనబడటం తరచూ జరిగేదే. ఇంకో విషయం, పెద్ద బ్యాండ్లకి అమెరికా, బ్రిటన్, యూరప్ షాపులు వేర్వేరుగా ఉంటాయి, సరుకు కూడా వేరు. ఒకచోట అయిపోయింది ఇంకోచోట ఉండొచ్చు. బ్రిటన్ షాపుల్లో మనకి లాభం కూడా ఉంది: విదేశానికి పంపే సరుకు మీద 20 శాతం వ్యాట్ పడదు కాబట్టి కొన్ని షాపులు మన అడ్రసు రాయగానే దాన్ని తీసేస్తాయి. 30 పౌండ్ల చొక్కా 25 అవుతుంది. తీసేయని షాపులూ ఉన్నాయి, చెల్లింపు పేజీలో మొత్తం మారిందో లేదో చూస్తే తెలుస్తుంది.

బ్యాండ్‌క్యాంప్

దాపరికం లేని షాపు ఇది. ఎడిషన్ ఎంతో రాస్తుంది, తగ్గేకొద్దీ ఇంకా ఎన్ని మిగిలాయో అంకె చూపిస్తుంది. రికార్డు కొంటే చాలావాటికి పాటలు డౌన్‌లోడ్‌గా వెంటనే వస్తాయి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్ళుగా కూడా. పెట్టె నెల తర్వాత వచ్చినా పాట ఆ రాత్రే వినొచ్చు. వస్తువుల అమ్మకం మీద సంస్థ తీసుకునేది 10 శాతం, డిజిటల్ మీద 15. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ వాటా కూడా వదులుకుంటుంది. అందుకే చిన్న బ్యాండ్లు కొత్త రంగు రికార్డుల్ని, కొత్త టీషర్టుల్ని ఆ రోజుకే దాచిపెట్టి వదులుతాయి. ఆ శుక్రవారం పసిఫిక్ సమయం ప్రకారం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. మనకి వేసవిలో శుక్రవారం మధ్యాహ్నం 12:30 నుంచి శనివారం 12:30 వరకు, చలికాలంలో ఇంకో గంట తర్వాత. అమెరికా సరుకుని పగటిపూట కొనుక్కోగలిగే అదృష్టం ఇక్కడ ఉంది. ఇష్టమైన బ్యాండుల్ని ఫాలో అయితే కొత్త సరుకు పెట్టగానే ఈమెయిల్ వస్తుంది. ఆ ఈమెయిల్ జీమెయిల్ ప్రమోషన్స్‌లో పడి కుళ్ళిపోకుండా ముందే ప్రైమరీలోకి లాగి పెట్టండి.

లోపాలు లేకపోలేదు. పెట్టె కట్టి పంపేది బ్యాండ్‌క్యాంప్ కాదు, బ్యాండు లేదా లేబుల్. షిప్పింగ్ ధర వాళ్ళే నిర్ణయిస్తారు. ఇండియా అని విడిగా రేటు పెట్టకపోతే "మిగతా దేశాలు" అన్న రేటు పడుతుంది, అది ఒక్కోసారి రికార్డు ధరతో పోటీ పడుతుంది. అసలు మనకి పంపే ఏర్పాటే లేకపోతే, అయిపోకముందే కాంటాక్ట్ బటన్ నొక్కి "ఇండియాకి పంపుతారా, ఎంత" అని ఒక్క వాక్యం రాస్తే చాలామంది ఆ రోజే రేటు చేరుస్తారు. అమ్మేది ఒక గదిలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు మనుషులు కాబట్టి మాట వింటారు. పెద్ద షాపుల్లో ఈ సుఖం ఉండదు.

రికార్డు కొనేటప్పుడు రెండు మాటలు నోట్‌లో రాయండి. ఒకటి, రికార్డుని అట్ట జాకెట్‌లోంచి బయటకి తీసి విడి స్లీవ్‌లో పెట్టి పంపమని. లోపలే ఉంచి పంపితే దారిలో కుదుపులకి రికార్డు అంచు జాకెట్ కుట్టుని కోసేస్తుంది. రెండు, ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలో చేరేలా పంపవద్దని. వినైల్ 60 డిగ్రీల దరిదాపుల్లో వంగడం మొదలెడుతుంది. రోహిణి కార్తెలో ఎండలో నిలబెట్టిన వ్యానులో ఆ వేడి చేరడం పెద్ద కష్టం కాదు. వంగిన రికార్డుకి నష్టపరిహారం అడగాలంటే తెరిచేటప్పటి వీడియో ఉండాలి, అదీ వచ్చిన రెండు మూడు రోజుల్లోనే అడగాలి.

వీవర్స్, గ్రూప్ ఆర్డర్లు

కొరియా సరుకులో వేగం కన్నా షరతులు ముఖ్యం. కొన్ని వస్తువులు సభ్యత్వం ఉన్నవాళ్ళకే, ఆ సభ్యత్వం అమ్మకానికి ముందే తీసుకుని ఉండాలి. ఆల్బమ్ ధర తక్కువే, షిప్పింగ్ బరువుని బట్టి. ఆల్బమ్ లోపల వచ్చే ఫోటోకార్డు (బృందంలో ఒకరి బొమ్మ) ఏది వస్తుందో అదృష్టం. ప్రీ ఆర్డర్ కానుకలు షాపుకొకటి, మొదటి విడతకే ఇచ్చేవి కొన్ని, ఆ మాట పేజీలో ఉందో లేదో చూడండి.

ఒక్క ఆల్బమ్ కోసం కొరియా నుంచి కొరియర్ దండగ అని పదిమంది కలిసి గ్రూప్ ఆర్డర్ వేస్తారు. నడిపే మనిషిని జీవోఎం (గ్రూప్ ఆర్డర్ మేనేజర్) అంటారు. డబ్బు మూడు విడతలు: మొదట వస్తువు ధర, సరుకు ఇండియాకి బయల్దేరాక ఈఎంఎస్ (విదేశీ స్పీడ్ పోస్టు ఖర్చు), చివరికి ఇంటి దాకా దేశీయ కొరియర్. రెండో విడతలో కస్టమ్స్ పన్ను కూడా పంచుతారు, ఎంతో ముందు తెలియదు. చవగ్గా కనిపించినా, పూచీ మొత్తం మనిషి మీదే. పాత ఆర్డర్ల పెట్టెలు తెరిచిన వీడియోలు, కొన్నవాళ్ళ పేర్లతో ఉన్న ప్రూఫులు చూడకుండా డబ్బు పంపొద్దు. మొదటి విడత కట్టి ఆరు నెలలైనా ఈఎంఎస్ అడగని గ్రూపు ఉందంటే సరుకు కొననే లేదేమోనని అనుమానించాలి.

కస్టమ్స్ లెక్క

చొక్కా ధర చూసి కొనేవాళ్ళు ఇక్కడే నోరెళ్ళబెడతారు. పన్ను చొక్కా ధర మీద కాదు, చొక్కా, షిప్పింగ్, బీమా కలిపిన మొత్తం మీద. ముందు బేసిక్ డ్యూటీ, దాని మీద సర్‌ఛార్జి, ఆ పైన అన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ. రేట్లు బడ్జెట్‌కీ బడ్జెట్‌కీ మారతాయి, కొనే రోజు రేటే చూడాలి. లెక్క నడిచే తీరు తెలియడానికి బేసిక్ 20, సర్‌ఛార్జి అందులో పదో వంతు, ఐజీఎస్టీ 18, డాలరు 90 రూపాయలు అనుకుందాం. 35 డాలర్ల చొక్కా, 20 డాలర్ల షిప్పింగ్: 55 డాలర్లు, 4,950 రూపాయలు. పన్ను 43.96 శాతం, 2,176. కార్డు ఛార్జీ 204. చేతికొచ్చేసరికి 7,330. అదే ముగ్గురు స్నేహితులు కలిసి మూడు చొక్కాలు 30 డాలర్ల షిప్పింగ్‌తో తెప్పిస్తే మొత్తం 17,993, తలా 5,998. పన్ను శాతం మారలేదు, తగ్గింది షిప్పింగూ, దాని మీద పడిన పన్నూ. కొరియర్ కంపెనీ తన రుసుము విడిగా వేస్తుంది, అది పెట్టెకొకటి కాబట్టి అక్కడా కలిసి కొన్నవాళ్ళదే లాభం.

"గిఫ్ట్ అని రాయించండి" అనే సలహా ఇంకా తిరుగుతోంది. అయిదు వేల లోపు కానుకలకి ఉండిన మినహాయింపు 2019 డిసెంబరులో పోయింది, రాఖీలకి, ప్రాణాధార మందులకి తప్ప. గిఫ్ట్ అని రాసిన పెట్టె ఇప్పుడు ఇంకా ఎక్కువ ఆగుతుంది. ధర తగ్గించి రాయించడం కూడా అంతే: పట్టుకుంటే జరిమానా, పోతే బీమా సొమ్ము ఆ తగ్గించిన ధరకే.

కొరియర్‌లో వస్తే వారంలోపే కేవైసీ లింకు, పన్ను కట్టే లింకు వస్తాయి. ఆ లింకు నొక్కే ముందు ట్రాకింగ్ నంబరుని కంపెనీ సైటులో మీరే టైపు చేసి సరిచూసుకోండి, ఇదే అదనుగా దొంగ మెసేజులు పంపేవాళ్ళు ఎక్కువ. తపాలాలో వస్తే విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ చూసి, పన్ను వేస్తే పోస్ట్‌మాన్ ఇంటి దగ్గర వసూలు చేస్తాడు. చిల్లర సిద్ధంగా పెట్టుకోండి. తపాలా ట్రాకింగ్ నంబరు 13 గుర్తులు: రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశం తాలూకు రెండు అక్షరాలు. ఆ ఆకారం లేని నంబరు ఇండియా పోస్ట్ సైటులో ఎంత వెతికినా దొరకదు. చవక షిప్పింగ్ ఎంచుకుంటే పంపిన దేశం దాటాక ట్రాకింగ్ ఆగిపోవచ్చు, అది పోయినట్టు కాదు. తపాలాకి ఆరు వారాలు ఓపిక పట్టాకే షాపుకి రాయండి.

చుట్టం సూట్‌కేసు

ఇక్కణ్ణుంచి ఆవకాయ, గోంగూర, కారప్పొడి డల్లాస్‌కీ న్యూజెర్సీకీ వెళ్తూనే ఉంటాయి. వెనక్కి వచ్చే సూట్‌కేసులో కాస్త చోటు అడగడంలో తప్పేం లేదు. అమెరికా అడ్రసు కాబట్టి షిప్పింగ్ తక్కువ, అక్కడి కార్డు అయితే తిరస్కారాలూ ఉండవు. టీషర్టు 200 గ్రాముల లోపు, హుడీ ముప్పావు కిలో, ఎల్పీ ప్యాకింగ్ తీసేస్తే అర కిలో లోపే. బావగారి 23 కిలోల్లో రెండు ఎల్పీలు, మూడు టీషర్టులు ఎవరికీ బరువు కాదు. పది ఎల్పీలంటే మాత్రం ఆయన మొహం మారుతుంది. ఎల్పీల్ని చెక్ ఇన్ పెట్టెలో కాకుండా చేతి సంచిలో, రెండు గట్టి అట్టల మధ్య నిలువుగా పెట్టమనండి. పోస్టరైతే గొట్టంలో చుట్టి విమానంలో పైన పెట్టుకోవచ్చు. 18 బై 24 అంగుళాల పోస్టరు కొరియర్‌లో నలిగి వస్తే సరిచేయడం కుదరదు కాబట్టి దానికి ఈ దారే మేలు. కొన్నాక చుట్టం బయల్దేరేది ఎప్పుడో చూసుకోండి. డిసెంబరు సెలవులకి వచ్చేవాళ్ళకి అక్టోబరులోపు అందేలా ఆర్డరు వేస్తే కంగారు ఉండదు, ప్రీ ఆర్డర్లు వెనక్కి జరగడం మామూలు.

షోలకి వెళ్ళేవాళ్ళతో తెప్పించుకోవడం కూడా ఇదే కోవ. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే నవీ ముంబైలో మూడు, అహ్మదాబాదులో రెండు షోలు చేసినప్పటిలా పెద్ద బ్యాండు మన దేశానికి వస్తే మీ సైజుతో పాటు రెండో ఎంపిక సైజు, రెండో ఎంపిక డిజైను రాసి ఇవ్వండి. షో అయ్యాక స్టాలు దగ్గరకి వెళ్తే మిగిలేవి చివరి సైజులే, గేటు తెరవగానే కొనమనండి.

అయిపోయాక

డిస్కాగ్స్‌లో రికార్డు పేజీ తెరిస్తే గతంలో అమ్ముడైన ధరల్లో అతి తక్కువ, మధ్యస్థం, అతి ఎక్కువ కనిపిస్తాయి. అమ్మేవాడు అడిగే ధర కాదు, ఆ మధ్యస్థం చూసి బేరమాడాలి. విడుదలైన వారంలో ధర కొండెక్కి, ఆర్నెల్లలో కొంత దిగడం తరచూ కనిపిస్తుంది. రికార్డు లేబుల్ పక్కన పాట లేని నున్నని భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు ఫోటో అడిగి, పేజీలో ఉన్నదానితో పోల్చండి. రంగు అదే అయినా రెండో అచ్చు అయి ఉండొచ్చు.

టీషర్టులకి అంత ఖాయమైన పరీక్ష లేదు. పెద్ద బ్యాండ్ల సరుకులో మెడ లోపలో బొమ్మ కిందో కాపీరైట్ గుర్తు, సంవత్సరం, లైసెన్సు కంపెనీ పేరు తరచూ ఉంటాయి. యూనివర్సల్ వాళ్ళ బ్రావాడో, ఐరన్ మైడెన్ సరుకైతే గ్లోబల్ మర్చండైజింగ్ లాంటివి. స్క్రీన్ ప్రింట్ అయితే వేలితో తడిమితే రంగు పొర పైకి తెలుస్తుంది, అంచులు పదునుగా ఉంటాయి. ఫోటో దగ్గరగా చూస్తే బొమ్మ చుట్టూ పల్చటి మెరిసే ప్లాస్టిక్ అంచు కనిపించిందంటే అది ఇక్కడెక్కడో ట్రాన్స్‌ఫర్ షీటు మీద అచ్చు కొట్టి ఇస్త్రీతో అతికించింది. ఇన్‌స్టాగ్రామ్‌లో "ఒకే ఒక్క పీసు ఉంది" అంటూ అన్ని సైజులూ ఇస్తానన్నవాడి సరుకు మొత్తం ఇదే.

వచ్చిన టీషర్టుని తిరగేసి చల్లనీళ్ళలో ఉతికి, నీడన ఆరేయండి. బొమ్మ మీద ఇస్త్రీ పెట్టొద్దు, ఇస్త్రీ బండి అతనికి చెప్పడం మర్చిపోతే ఒక్క పూటలో అచ్చు అంటుకుపోతుంది. రికార్డుల్ని పడుకోబెట్టకుండా నిలువుగా, పడమటి గోడకి దూరంగా పెట్టండి. వానాకాలంలో అట్టలకి బూజు పట్టకుండా అరలో తేమ పీల్చే సిలికా సంచులు రెండు వేసి, నెలకోసారి మార్చుకోవచ్చు.